గుండ్రంగా కూర్చోవడంలోని పనితనం

నల్లగొండ జిల్లా మర్రిగూడ అనగానే చాలామందికి ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. ఆ మెట్ట మండలంలో చూడదగ్గది మరొకటి ఉంది. రాష్ట్రంలోని ప్రతి మండలంలో ఉన్నట్టే ఇక్కడా ఉన్న మహిళా పొదుపు సంఘం. నలుగురు కలిసి పనిచేసేచోట మనుషులు ఎలా నడుచుకుంటారో ఎరిగిన చేతులు అల్లిన అల్లిక అది.

సంఘానికి పది నుంచి పదిహేను మంది. ఒకే వాడకట్టు వాళ్లు. ఎవరి చేను ఎండిందో, ఎవరింట్లో జబ్బు పడ్డారో అర్జీ పెట్టకుండానే అందరికీ తెలుస్తుంది. పైసలు నడుమ పెట్టి, చుట్టూ కూర్చుని, అందరికీ వినిపించేలా లెక్కపెడతారు. తీర్మానం రాసి చదివి వినిపించాకే సంతకాలు, వేలిముద్రలు. అక్షరం రాని ఆమె కూడా ఆ లెక్కకు సాక్షే. అనుమానం పుట్టే చోటే ఉండదు.

కిస్తీ తేలేకపోయిన ఆమె, "వచ్చే నెల రెండు కలిపి కడతా అక్కా" అంటుంది. మంచి సంఘంలో మొదట వచ్చే మాట, "పిలగాని జరం తగ్గిందా చెల్లె?" ఆ తర్వాతే లీడరు, "బ్యాంకు కిస్తీ ఆగితే మనందరి పేరు ఖరాబైతది" అని గుర్తుచేస్తుంది. ముందు మనిషి, వెనుక లెక్క. ఈ వరుసలోనే సంఘం ప్రాణం ఉంది.

సంఘాలు పాటించే పంచసూత్రాల వరుస కూడా అంతే: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. అప్పు మూడోది. ముందు కలిసి కూర్చోవడం అలవాటవుతుంది, తర్వాత సొంత రూపాయి జమవుతుంది. తన రూపాయి ఉన్న పెట్టెను ఎవరైనా కాపాడుకుంటారు. సంఘాలకు బ్యాంకు అప్పు అందేలా 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీకి పునాది ఈ అలవాటే.

ఉమ్మడి ఆస్తులను జనమే నడుపుకునే తీరును పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. నియమాలు తామే పెట్టుకోవడం, తామే కనిపెట్టుకుని ఉండడం, తప్పు జరిగితే మొదట చిన్న దండనతో సరిపెట్టడం ఆమె గుర్తించిన లక్షణాల్లో ఉన్నాయి. మన వాడకట్టు అక్కలకు ఇవి రోజువారీ పనులు.

మైక్రోఫైనాన్స్ కంపెనీలు కూడా ఆడవాళ్లను గుంపులుగానే కూర్చోబెట్టాయి. అక్కడ వసూలు మిగిలింది, పరామర్శ పోయింది. పక్కింటి ఆమె చూపే కొరడా అయింది. అప్పుల బాధ, ఆత్మహత్యల నడుమ 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆకారం ఒకటే అయినా లోపలి పనితనం లేకపోతే జరిగేది అదే.

అందుకే సంఘంలోని అక్కలకు ఒక్క మనవి. కిస్తీ పైసలు ఎవరి చేతికో ఇచ్చి పంపకండి. మీరే వెళ్లండి, ఆ వలయంలో మీ చోట కూర్చోండి, తీర్మానం చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి.