పసివారి లెక్క : పియాజే గ్రంథము, ఇంటిలోని గవ్వలు

నాలుగేండ్ల బిడ్డ ఒకటి మొదలు నూరు వరకు గడగడ అప్పగించినచో ఇంటివారు మురిసిపోవుదురు. ఆ బిడ్డనే ఎదుటనున్న గవ్వలలో ఏడు తీసి యిమ్మన్నచో, తరచుగా గుప్పెడు తీసి చేతిలో పెట్టును. నోటికి వచ్చిన వరుస వేరు, తెలిసిన సంఖ్య వేరు. ఈ భేదమును నిశితముగ పరిశీలించిన ప్రసిద్ధ గ్రంథమును జీన్ పియాజే, అలీనా షెమిన్‌స్కా 1941లో ఫ్రెంచి భాషలో ప్రకటించిరి. 1952లో అది ఇంగ్లీషులోనికి వచ్చినది. పసివారి గణితమును గూర్చి తరువాత జరిగిన చర్చలలో దీనిని తలపనివి అరుదు. కావున దీని బలమును, లోపమును తూచి చూచుట ఉచితము.

గ్రంథములోని ప్రయోగములు సులభమైనవి. బిడ్డ యెదుట గ్రుడ్లు నిలుపు గిన్నెలను వరుసగ నుంచి, గిన్నె కొక గ్రుడ్డు చొప్పున పెట్టింతురు. రెండును సమానమేనని బిడ్డ ఒప్పుకొనును. పిమ్మట గ్రుడ్లను తీసి దగ్గరగ చేర్చి, ఇప్పుడును సమానమేనా యని అడుగుదురు. నాలుగైదేండ్ల బిడ్డలు పెక్కుమంది పొడవైన వరుసలోనే ఎక్కువ యున్నవని చెప్పుదురు. ఎడము మారినను సంఖ్య మారదను ఎరుక ఆరేడేండ్లకు గాని స్థిరపడదని గ్రంథకర్తల నిర్ణయము.

ఇందలి మేలు గొప్పది. అంకెలు వల్లించుటయే గణితమని నమ్మిన పెద్దలకు ఇది కనువిప్పు. తప్పు చెప్పిన బిడ్డ మందమతి కాడనియు, వాని ఆలోచనకు వాని దారి యొకటి గలదనియు ఈ గ్రంథము చాటినది. పెద్దలు నోటితో చెప్పినంతనే సంఖ్య పట్టుబడదనియు, బిడ్డ తన చేతులతో వస్తువులను కదల్చుచు దానిని తానే నిర్మించుకొనవలె ననియు పియాజే వాదించెను.

లోపము ప్రశ్న వేసిన తీరులో నున్నది. ఒకే ప్రశ్నను పెద్దవారు రెండుమారులు అడిగినచో, మొదట చెప్పినది తప్పు కాబోలునని బిడ్డ జవాబు మార్చును. 1974లో మెక్‌గారిగిల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అను పరిశోధకులు ఈ అనుమానమును పరీక్షించిరి. పెద్దవారు గాక ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరుసను చెదరగొట్టినట్లు నటించిరి. అప్పుడు సమానమేనని సరిగ చెప్పిన బిడ్డలు చాల ఎక్కువైరి. 1978లో గెల్‌మన్, గాలిస్టెల్ తమ గ్రంథములో, కొద్దిపాటి వస్తువులైనచో మూడేండ్ల వారు సైతము వస్తువున కొక మాట చొప్పున లెక్కింపగలరని చూపిరి. ఏడేండ్లు నిండువరకు వేచియుండవలెనని పియాజే గ్రంథము నుండి తీసిన పాఠము కావున నిలువదు.

మరియొక కొరత, ఇల్లు. బిడ్డ ఇంటిలో ఏ ఆటలాడి వచ్చెనో ఆ ప్రయోగములు అడుగలేదు. నెల్లూరు సముద్రతీరమున మైపాడు మొదలు పులికాటు వరకు గల పల్లెలలో పసిచేతికి ఇసుక, గవ్వలు, ఆలిచిప్పలు అందుబాటులోనే యుండును. తెలుగువారి వామనగుంటల ఆటలో రెండు వరుసలుగా పదునాలుగు గుంటలు. గుంట కొక గింజ చొప్పున చల్లుకొని పోవలెను. గిన్నె కొక గ్రుడ్డు అను పియాజే ప్రయోగమే ఇది. చేతిలో ఐదు గింజలున్నచో కడపటిది ఏ గుంటలో పడునో చల్లకముందే చెప్పగలిగిన బిడ్డకు ఐదు అనగా నేమో తెలిసినట్లే.

అయినను, ఆట యున్నంత మాత్రాన పాఠము జరిగినట్లు కాదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేయుదురు. ఒకటి, రెండు, మూడు వెల్లకిల పడినచో అంతే లెక్క. నాలుగును పడినచో చెమ్మ. అన్నియు బోర్ల పడినచో అష్ట, అనగా ఎనిమిది. ఈ ఎనిమిది లెక్కించినది కాదు, ఆటకు పెట్టుకొన్న కట్టుబాటు. ఈ తేడాను పెద్దలు విడమరచి చెప్పనిచో బిడ్డ తికమకపడును. అవ్వ గవ్వలను చెదరగొట్టి, “ఇప్పుడెన్నుండాయి బిడ్డా?” అని నవ్వుచు అడిగి, జవాబు తప్పినను కోపింపక మరల లెక్కపెట్టనిచ్చిననే ఆట పాఠమగును.

ఆకృతుల విషయమును ఇట్టిదే. గోడకు తగిలించు పటములలో చతురస్రము ఎప్పుడును అడుగుభుజముపై కూర్చుండును. దానినే మూలపై నిలిపినచో పసివారు వేరు ఆకృతి యందురు. రూపము చూచి పేరు పెట్టుట తొలిమెట్టనియు, గుణములను గుర్తించుట తరువాతి మెట్టనియు హాలెండు దేశపు దంపతులు పియేర్, డీనా వాన్ హీలే 1957 నాటి తమ సిద్ధాంత గ్రంథములలో వివరించిరి. ముగ్గు ఈ మెట్టు నెక్కించుటకు తగిన సాధనము. నడుమ ఏడు చుక్కలు పెట్టి, ఇరువైపుల ఎదురుచుక్కగా 5, 3, 1 తగ్గించినచో మొత్తము 25. చుక్కల ఎడము అంతట సమముగ నున్నచో, మూలపై నిలిచిన చతురస్రము ఏర్పడును. అదే ఏడుతో మొదలిడి సందుచుక్కగా 6, 5, 4 తగ్గించినచో 37, ఆకృతి షడ్భుజము. మొదలు ఒకటే యైనను నియమము మారగనే రూపము మారును. అయితే పుస్తకములోని ముగ్గును చూచి దించు బిడ్డకు ఇది తట్టదు. ఎన్ని చుక్కలు, ఏల తగ్గినవి అని అడుగువారు ఉండవలెను.

2021లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకము, మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డకును చదువు, లెక్కల పునాది పడవలెనని కోరినది. లక్ష్యము మంచిదే. దానిని అందుకొను తొందరలో ఇండ్లలో మరల వల్లెవేతయే మిగిలినచో, ఐదేండ్లకే “వీడికి లెక్క రాదు” అను ముద్ర పడును. బడిలో అడుగిడకముందే పడిన ఆ ముద్రను చెరపుట కష్టము. బిడ్డ తప్పును శ్రద్ధతో వినుట పియాజే నేర్పిన పాఠము. అది ఎన్నటికిని విలువైనదే. ఆయన విధించిన వయస్సు గడువును మాత్రము ప్రక్కనుంచి, నాలుగు గవ్వలతో నేడే మొదలుపెట్టవచ్చును.