షాట్లను దాటించేవాళ్లు

తెర మీద ఈగ ఎగిరితే మనం ఈగనే చూస్తాం. 2012లో వచ్చిన ‘ఈగ’ లాంటి సినిమాలో ఎడిటింగ్ గదికీ గ్రాఫిక్స్ స్టూడియోకీ మధ్య షాట్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ రాకపోకలు చూసుకునే వీఎఫ్ఎక్స్ ఎడిటర్ పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

ఎడిటర్ సాధారణంగా కోసేది తేలికపాటి కాపీని. గ్రాఫిక్స్‌కు కావలసింది కెమెరా తీసిన అసలు దృశ్యం. టైమ్‌కోడ్, రీలు పేరు పట్టుకుని ఆ అసలును వెతకాలి. కట్‌కు అటూ ఇటూ ఎనిమిదో పదో ఫ్రేములు అదనంగా చేర్చి పంపాలి. వీటినే హ్యాండిల్స్ అంటారు. దర్జీ కుట్టు లోపల వదిలే గుడ్డలాంటివి. రేపు ఎడిటర్ కట్‌ను నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు, జరిపినా షాట్‌ను మళ్లీ రెండర్ చేయక్కర్లేదు.

రంగుల సంగతి ఇంకా సున్నితం. లాగ్‌లో, అంటే వెలుగు విలువలను కుదించి, తీసిన దృశ్యాన్ని లీనియర్‌కు, అంటే అసలు వెలుగు నిష్పత్తికి, మార్చి తరచు ఈఎక్స్ఆర్ ఫైళ్లుగా పంపుతారు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చిన ఆ ఫార్మాట్ వెలుగు వివరాలను పోనివ్వదు. తిరిగొచ్చిన షాట్ పక్క షాట్‌తో ఇట్టే కలిసిపోవాలి.

అన్నిటికన్నా కష్టం, ఎడిటర్ వేగం మార్చిన షాట్. ఒక సాఫ్ట్‌వేర్ లెక్క ఇంకోదానికి సరిగ్గా అర్థం కాదు. అందుకే మంచి వీఎఫ్ఎక్స్ ఎడిటర్ కట్ వివరాలుండే ఎక్స్ఎంఎల్ ఫైలును మాత్రమే నమ్ముకోరు. ఎడిటర్ కట్‌ను వీడియోగా కూడా జతచేస్తారు, వచ్చిన షాట్‌ను దాని పక్కన పెట్టి ఒక్కో ఫ్రేమునూ పోలుస్తారు, తేడా కనిపిస్తే ఎంత రాత్రయినా ఆ షాట్‌ను వెనక్కి పంపుతారు.