చింతతోపు గొంతు

చిన్నప్పుడు మా ఊరి చింతతోపులోంచి సందెవేళ ఒక అరుపు వినిపించేది. సన్నగా లేచి, నడుమ వణికి, చివర జారిపోయేది. "గూబ కూసింది, ఎవరికి మూడిందో!" అంటూ నానమ్మ తలుపులు వేసేసేది. ఆ గొంతు ఎవరిదో తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

తెలిసింది కేరళలో, పెరియార్ ఒడ్డున తట్టెక్కాడ్‌లో. 1983లో ఏర్పడిన ఆ పక్షుల అభయారణ్యానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరే పెట్టారు. ఊరి అంచున, తోటలోంచి అదే వణుకు. "కాలన్ కోళి" అన్నాడు మా గైడు. యముడి కోడి! నానమ్మ భయానికి అక్కడా చుట్టాలున్నారన్నమాట. పుస్తకాల్లో దాని పేరు మాటిల్డ్ వుడ్ ఔల్.

మర్నాడు తెల్లవారుజామున దట్టమైన అడవిలో మరో కూత. ఇందులో వణుకు లేదు. కుండలోకి ఊదినట్టు, బొంగురుగా "హూ... హుహుహూ". అది బ్రౌన్ వుడ్ ఔల్.

రెండూ స్ట్రిక్స్ ప్రజాతివే. మూరకు కాస్త అటూఇటూ పొడుగు. నెత్తిన కొమ్ముల్లాంటి ఈకలుండవు. కళ్లు పసుపు కాదు, నల్లనిపించేంత ముదురు గోధుమ. బైనాక్యులర్స్‌లో నిలిపి చూస్తేనే తేడాలు ఒక్కొక్కటీ తేలతాయి. మొదటిదాని తెల్లటి ముఖం మీద, రాయి పడ్డ చెరువులో అలల్లా, సన్నటి నల్ల వలయాలు. ఒళ్లంతా చెట్టు బెరడు మచ్చలే. రెండోదాని ముఖం గోధుమరంగు. కంటి చుట్టూ కాటుక, పైన తెల్లటి కనుబొమలు, పొట్ట మీద దగ్గరదగ్గరగా సన్న చారలు. ఇది చిక్కటి అడవి వదలదు. అది మామిడి, చింత, మర్రి చెట్లున్న చోట మన పొలాల పక్కనే కాపురముండి ఎలుకలను పడుతుంది.

పక్షులను చూడటంలో నేను నేర్చుకున్నది ఇదే: తేడా తెలిసేదాకా చూస్తే, భయం దానంతటదే పోతుంది. గూబ అన్నంతకాలం అది అపశకునం. ఇది ఫలానా పక్షి, ఫలానా తొర్రలో పిల్లల్ని పెంచుతోంది అని తెలిశాక, అది మన ఇరుగుపొరుగు.

మొన్న ఊరెళితే బాబాయి ముసలి చింతను కొట్టించబోతున్నాడు. "బాబాయ్, ఆ తొర్రలో గూబ ఉంది" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం అరుగు మీద కూర్చుని విన్నాం. అది కూసింది. కాస్త దూరం నుంచి జంటపక్షి బదులిచ్చింది.

"ఉండనీలే" అన్నాడు బాబాయి. ఆ రాత్రి మా ఇంటి తలుపులు ఎవరూ వేయలేదు.