గోడ మాట వినే అణువులు

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం బల్క్ డ్రగ్ యూనిట్లలో క్రిస్టలైజేషన్ నడుస్తున్నప్పుడు అందరి కళ్లూ టెంపరేచర్ మీదే ఉంటాయి. ఎన్ని డిగ్రీలకు దిగింది, బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) ఎప్పుడు తిప్పారు, సీడ్ (ముందే తయారైన స్ఫటికాల పొడి) ఎంత వేశారు అని షిఫ్టు మారినప్పుడల్లా అడుగుతారు. రియాక్టర్ లోపలి గోడ ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. ఈ పనిలో ఉంటూ ఉంటూ నాకు గట్టిపడిన నమ్మకం ఒకటుంది. అణువులు ఒక క్రమంలోకి రావడం చాలాసార్లు గోడ దగ్గరే మొదలవుతుంది. గోడ తెలియనివాడికి బ్యాచ్ సగమే తెలిసినట్టు.

కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లూ ల్యాబ్‌లో ఒక పని చేసే ఉంటారు. ఫ్లాస్కులో ద్రావణం చల్లారినా స్ఫటికాలు పడకపోతే గాజుకడ్డీతో లోపలి గోడను గీకుతారు. కాసేపటికి గీకినచోట తెల్లగా గీత కడుతుంది. స్ఫటికం పుట్టాలంటే ముందు కొన్ని అణువులు గుంపుగా చేరి, విడిపోకుండా నిలవాలి. ద్రవం నడిమధ్యలో అలా నిలవడానికి ఖర్చయ్యే శక్తి ఎక్కువ. కట్టిన గుంపులు చాలావరకు కట్టినట్టే కట్టి కరిగిపోతాయి. ఆనుకోవడానికి ఒక తలం దొరికితే ఆ ఖర్చు తగ్గుతుంది. ఆ తలం మీద గీతో, పగులో, పాత పొడి అంటుకున్న మచ్చో ఉంటే ఇంకా తగ్గుతుంది.

ప్లాంటులో గోడకు మరో బలం కూడా తోడవుతుంది. జాకెట్‌లో బ్రైన్ తిరిగేటప్పుడు రియాక్టర్ మొత్తంలో అన్నిటికన్నా చల్లగా ఉండేది గోడే. తొందరపడి చల్లబరిస్తే మనం సీడ్ వేసేలోపే అక్కడ పని మొదలైపోతుంది. "సీడ్ ఎయ్యకముందే పడ్డది సార్" అని ఆపరేటర్ వచ్చి చెప్పాడంటే, ఆ బ్యాచ్‌లో స్ఫటికాల సైజు మన చేతిలోంచి పోయినట్టే. ఒక్కోసారి రూపమూ పోతుంది. ఒకే మందు అణువు రెండు మూడు రకాలుగా పేర్చుకుని వేర్వేరు స్ఫటికాలు కట్టగలదు. అవి నీళ్లలో కరిగే తీరు కూడా వేరుగా ఉంటుంది. ఎయిడ్స్ మందు రిటొనావిర్‌ను అబాట్ కంపెనీ 1996లో అమ్మకానికి తెచ్చింది. 1998లో ఎవరూ అనుకోని రెండో రూపం బయటపడింది. అది చాలా తక్కువగా కరుగుతుంది. కంపెనీ ఆ క్యాప్సూళ్లను ఆపేసి మందును కొత్తగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఒక రూపం ఎక్కడో ఒక తలాన్ని పట్టుకుని ఒకసారి పుట్టిందంటే, దాని ధూళి కూడా తర్వాతి బ్యాచ్‌కు సీడే.

అయితే తలం మాట ఎంత దూరం చెల్లుతుందో నాకు అర్థమైంది లిక్విడ్ క్రిస్టల్స్ గురించి చదివినప్పుడే. 1888లో ప్రాగ్‌లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తే అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసకగా ఉండిపోయింది, 178.5 డిగ్రీల దగ్గర తేటపడింది. రోజూ క్యాపిలరీలో మెల్టింగ్ పాయింట్ చూసే మన క్యూసీ ల్యాబుల్లో ఇలా రెండు అంకెలు వస్తే ముందు మలినాన్నే అనుమానిస్తాం. అక్కడున్నది మలినం కాదు, పదార్థానికి కొత్త స్థితి. అలాంటి పదార్థాల్లో నెమాటిక్ అనే రకంలో పొడవాటి అణువులు ద్రవంలా కదులుతూనే, కట్టలోని ఈనెపుల్లల్లా దాదాపు ఒకే దిక్కుకు ఉంటాయి. ఏ దిక్కు అన్నది మాత్రం వాటికవి తేల్చుకోవు. వాటిని పట్టి ఉంచిన తలం తేలుస్తుంది.

గాజును ఒకే దిశలో రుద్దితే అణువులు ఆ దిశకే తిరుగుతాయని ఫ్రెంచ్ శాస్త్రవేత్త షార్ల్ మోగెన్ 1911లోనే గమనించాడు. 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన డ్వైట్ బెరెమన్ దానికొక కారణం చెప్పాడు. రుద్దిన తలం మీద కంటికి కనిపించని సన్నని చాళ్లు పడతాయి. వాటి వెంబడి పడుకుంటే అణువుల వరుస వంగనక్కర్లేదు, అడ్డంగా పడుకుంటే ఎగుడుదిగుళ్లన్నిటా వంగాలి. వంగడానికి శక్తి కావాలి కాబట్టి చాలు వెంటే పడుకుంటాయి. తలానికి పూసిన పాలిమర్ గొలుసులు రుద్దిన వైపుకు సాగడం మరో కారణమని తర్వాత తేలింది. తలానికి లెసిథిన్ లాంటిది పూస్తే అవే అణువులు నిటారుగా నిలబడతాయి.

ఈ విద్యతోనే అణువులు మెలితిరిగే రకం ఎల్‌సీడీ పుట్టింది, అదీ ఒక మందుల కంపెనీలో. 1970లో బాసెల్‌లోని హాఫ్‌మన్-లా రోష్ పరిశోధనశాలలో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిచ్ రెండు గాజు పలకలను, వాటిని రుద్దిన దిశలు ఒకదానికొకటి లంబంగా ఉండేలా, ఎదురెదురుగా అమర్చారు. మధ్యలో అణువులు మెలితిరిగి తొంభై డిగ్రీలు మలుపు తీసుకున్నాయి. వాటితోపాటు కాంతీ తిరిగింది. కొద్ది వోల్టుల కరెంటు పెడితే అణువులు నిలబడి మెలిక విప్పుకుంటాయి. కరెంటు తీసేస్తే వాటిని మళ్లీ పాత మెలికలోకి తెచ్చేది ఆ గోడలే. అణువు పొడవు సుమారు రెండు నానోమీటర్లు. పలకల మధ్య ఎడం ఐదు మైక్రోమీటర్ల దాకా ఉండొచ్చు, అంటే అణువు పొడవుకు రెండు వేల రెట్ల పైమాటే. గోడను తాకిన మొదటి వరుస తన పక్క వరుసను మళ్లిస్తుంది, అది తన పక్కదాన్ని. గోడను ఎన్నడూ తాకని అణువు దాకా గోడ మాట అలా చేరుతుంది.

ఈ పరిశోధన మనకు దూరంగా ఏమీ లేదు. లింగంపల్లి దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో సురజిత్ ధారా లిక్విడ్ క్రిస్టల్స్ మీద పనిచేస్తున్నారు. ఆయన టోక్యో పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన పని ఫ్లోరిన్ ఉన్న ఒక పాలిమర్ తలం గురించి. తలం అదే, పదార్థం అదే, ఉష్ణోగ్రత మారితే చాలు, పడుకున్న అణువులు నిలబడతాయి, నిలబడ్డవి పడుకుంటాయి. గోడ ప్రభావం తెలియాలంటే గోడ ఒక్కటే చూస్తే చాలదని, ఏ వేడిలో చూస్తున్నామో కూడా చూడాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

లిక్విడ్ క్రిస్టల్‌కూ మన మందు స్ఫటికానికీ తేడా ఉంది, దాన్ని మరవకూడదు. లిక్విడ్ క్రిస్టల్‌ను గోడ ఎప్పుడూ పట్టే ఉంచుతుంది. మన మందు స్ఫటికం మీద గోడ పెత్తనం పుట్టుక వరకే, పెరిగేది దాని సొంత ముఖాల మీదే. కానీ పుట్టుకలో తేడా వస్తే తర్వాత ఎంత నెమ్మదిగా చల్లబరిచినా దిద్దుకోవడం కష్టం. తెరలు తయారుచేసేవాళ్లు వెల్వెట్ గుడ్డ చుట్టిన రోలర్ ఏ దిశలో, ఎంత ఒత్తిడితో రుద్దిందో లెక్క పెట్టుకుంటారు. తలం వాళ్లకు ముడిసరుకుతో సమానం. మనం మాత్రం స్వాబ్ తీసి పాత ప్రాడక్ట్ ఎంత మిగిలిందో రాస్తాం. గ్లాస్ లైనింగ్ గరుకెక్కిందా, అజిటేటర్ బ్లేడ్ మీద పొర కట్టిందా, రిపేరు చేసిన టాంటలం ప్లగ్ చుట్టూ ఏమైనా పేరుకుందా అని రాసే గడి నేను చూసిన బీఎంఆర్‌లలో (బ్యాచ్ తయారీ రికార్డుల్లో) చాలావాటిలో లేదు.

ఇది మన ప్రాంతంలో ఇంకా ముఖ్యం. రూపం తప్పిన బ్యాచ్‌ను మళ్లీ కరిగించాలి. మళ్లీ సాల్వెంట్, మళ్లీ ఆవిరి, మళ్లీ ఎంఎల్ (స్ఫటికాలు తీశాక మిగిలే ద్రావణం). రికవరీలో మిగిలింది ఎఫ్లుయెంట్‌లోకే పోతుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఇక్కడి నక్కవాగు ఏమైందో చూసినవాళ్లం, మొదటిసారే సరిగ్గా స్ఫటికం పడేలా చూసుకోవడం మన బాధ్యత.

కొత్తగా చేరే పిల్లలకు నేను నేర్పేది ఇదే. క్రిస్టలైజేషన్‌కు ముందు, కడిగి ఆరిన రియాక్టర్ మ్యాన్‌హోల్ దగ్గర ఫ్లేమ్‌ప్రూఫ్ టార్చి వేసి గోడను చూడండి. చూసింది మూడు ముక్కల్లో రాయండి. బ్యాచ్ బాగా వచ్చినప్పుడు కూడా రాయండి, ఎందుకంటే మంచి గోడ ఎలా ఉంటుందో ఆ రాతలే చెబుతాయి. యూనిట్లు నడిపేవాళ్లను అడిగేది ఒకటే. బీఎంఆర్‌లో ఆ గడి పెట్టండి. పటాన్‌చెరు మీదుగా పోయే హైవే మీదే కందిలో ఐఐటీ ఉంది. తలాలను కొలిచే విద్య తెలిసినవాళ్లతో కూర్చుని మాట్లాడండి. అణువులు గోడ మాట వింటాయని తెలిశాక, ఆ గోడ ఎలా ఉండాలో నిర్ణయించే పని అదృష్టానికి వదిలేయకూడదు.