వ్యక్తిని చూడని బడిలో వ్యక్తిగత విద్య

మూర్ఛతోపాటు కదలికలోనో మాటలోనో బుద్ధి వికాసంలోనో మరిన్ని ఇబ్బందులున్న పిల్లలకు ఎవరికి తగిన చదువు వాళ్ళకివ్వాలని ఇవాళ అందరూ ఒప్పుకుంటున్నారు. 'వ్యక్తిగత విద్యా ప్రణాళిక' అనే మాట సర్కారు కాగితాల్లో బాగానే చెలామణి అవుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ కూడా, అందరితో కలిపి చదివిస్తూనే అవసరమైన వాళ్ళకు వ్యక్తిగత మద్దతు ఇవ్వాలంటుంది. ఈ ఆశయంతో మాకు పేచీ లేదు. మా ప్రశ్న వేరే. అసలు మన బడి దళిత పిల్లల్ని వ్యక్తులుగా ఎప్పుడు చూసింది?

హిందూ సమాజ వ్యవస్థలో లెక్కకొచ్చేది వర్ణమేగానీ మనిషి కాదని అంబేద్కర్ విశ్లేషించాడు. ఇది ఆయన పుస్తకాల్లోంచి మాత్రమే తెలుసుకున్న సంగతి కాదు. చిన్నప్పుడు తరగతిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఆ పట్టాను ఇంటినుంచి తెచ్చుకుని మళ్ళీ ఇంటికే మోసుకుపోయాడు. ఆయన ఎక్కడ కూర్చోవాలో కులమే నిర్ణయించింది. వైకల్యం గురించి రాసేవాళ్ళు ఈ చరిత్రను పక్కనపెడుతున్నారు. కులం గురించి రాసే మనం వైకల్యాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఈ రెండో మాట ఆత్మవిమర్శగానే అంటున్నాం.

మూర్ఛంటే కిందపడి కొట్టుకోవడమే అనుకుంటాం. పిల్లల్లో వచ్చే ఒకరకం మూర్ఛలో కొన్ని సెకన్లపాటు చూపు నిలిచిపోతుంది, రాస్తున్న చెయ్యి ఆగిపోతుంది, మళ్ళీ మామూలే. రోజుకు చాలాసార్లు రావచ్చు. అంతసేపూ పాఠం పిల్లకు చేరదు. ఉన్న కులం పిల్లకు ఇట్లా అయితే 'డాక్టరుకు చూపించండి' అని ఇంటికి కబురు పోతుంది. దళిత పిల్లకు అయితే? 'వీళ్ళకు చదువెక్కడ ఎక్కుద్దిలే' అనే మాట ముందే సిద్ధంగా ఉంటుంది. జబ్బు లక్షణాన్ని కుల లక్షణంగా చదివే బడి ఆ పిల్లకు ఏ ప్రణాళిక రాయగలదు?

వైద్యం పేరుతో నడిచే నమ్మకాల్లోనూ కులం ఉంది. ఫిట్స్ వస్తే చెప్పు వాసన చూపిస్తారు. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. మాదిగ కుట్టిన చెప్పు అగ్రవర్ణం ముక్కుదాకా పోయింది గానీ మాదిగ పిల్ల తరగతి గది ముందు వరుసదాకా పోలేదు. ఇంకో నింద పంది మాంసం గురించి. మన దేశంలో మూర్ఛకు ముఖ్య కారణాల్లో ఒకటి మెదడుకు చేరే బద్దెపురుగు లార్వా. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, నిజమే. కానీ మెదడుకు జబ్బొచ్చేది ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు నీళ్ళతోనో పచ్చి కూరగాయలతోనో చేతులతోనో కడుపులోకి పోయినప్పుడు. అందుకే జన్మలో మాంసం ముట్టనివాళ్ళకూ వస్తుంది. మురుగు కాలువ గురించి అడగాల్సిన ప్రశ్నను మా కంచం మీదికి తిప్పుతున్నారు.

ఇక చట్టం సంగతి. 1995 చట్టం ఏడు వైకల్యాలను గుర్తిస్తే 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆ జాబితాలో మూర్ఛ పేరు లేదు. మూర్ఛతోపాటు మస్తిష్క పక్షవాతమో బుద్ధిమాంద్యమో ఉండి, 40 శాతం వైకల్యమని సర్టిఫికెట్ చేతికొస్తేనే 18 ఏళ్ళదాకా ఉచిత విద్య ఈ చట్టం కింద హక్కవుతుంది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, బహుళ వైకల్యమో తీవ్ర వైకల్యమో ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువును ఎంచుకోవచ్చంది. మంచం దిగలేని పిల్లకు ఇది అవసరమే. కానీ ఎంచుకుంటున్నది ఎవరు?

ఒక మాదిగవాడలో మేం కలిసిన తల్లి కూలికి పోతుంది. కొడుక్కి పదకొండేళ్ళు. పుట్టినప్పటినుంచీ కుడిచెయ్యి, కుడికాలు పట్టు తక్కువ. మాట ముద్దగా వస్తుంది. ఫిట్స్ వస్తాయి. ఒకసారి బడిలో పడిపోయాక 'ఏమన్న అయితే మా మీదికొస్తది, ఇంటికాడనే ఉంచుకో' అన్నారట. రిజిస్టర్లో మాత్రం ఇంటి దగ్గర చదువుతున్నట్టే ఉంది. ఆమె మమ్మల్నడిగింది: "ఇంటికాడ ఎవరున్నరు సారూ చదువు చెప్పనీకి? నేను పొద్దున పోతే పొద్దుగూకినంక వస్త. గొళ్ళెం పెట్టి పోతున్న." ఫిట్స్ వచ్చే పిల్లవాడు గొళ్ళెం వెనక ఒక్కడే ఉంటే ప్రాణానికే ప్రమాదం. కాగితం దీన్నే వ్యక్తిగత విద్య అంటోంది. భవిత కేంద్రాలనుంచి ఊరూరూ తిరిగే కాంట్రాక్టు టీచర్ల కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. అప్పుడప్పుడూ వచ్చిపోయే మనిషి బడికి బదులు కాలేదంటున్నాం.

ఈ పిల్లవాడికి నిజమైన ప్రణాళిక ఎట్లా ఉండాలి? ఫిట్స్ ఎట్లా మొదలవుతాయో, ఏ వేళకొస్తాయో తల్లి నోటితో చెప్పించుకుని రాయాలి. మాత్ర వేసుకున్నాక మగత ఎంతసేపుంటుందో చూసి కష్టమైన పాఠం ఆ వేళకు లేకుండా చూడాలి. ఎడమచేత్తో రాసుకునే వీలు, మాట తోచనప్పుడు చూపించడానికి బొమ్మల కార్డులు ఉండాలి. పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, టైం చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇది టీచర్లకే కాదు, తోటి పిల్లలకూ మధ్యాహ్న భోజనం వండే ఆమెకూ నేర్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు తెగకుండా దొరకాలి. సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవాళ్ళలో 70 శాతందాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. వీటిలో కోట్లు ఖర్చయ్యే పని ఏదుంది?

ఇంగ్లండ్‌లో 2014 చట్టం కింద ఇట్లాంటి ప్రణాళికకు చట్టబలం ఉంది. ఒప్పుకోని తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మేం కలిసిన తల్లి చేతిలో తన కొడుకు ప్రణాళిక నకలు కూడా లేదు. ఆ కాగితం ఆమెకివ్వాలి, చదివి వినిపించాలి, ఆమె ఒప్పుకోకుండా పిల్లవాణ్ణి ఇంటికి పంపే అధికారం ఎవరికీ ఉండకూడదు. గోనెపట్టా గురించి మాట్లాడే దళిత ఉద్యమం ఆ గొళ్ళెం గురించి కూడా మాట్లాడాలి. వెలివేతకు మంచి పేరు పెట్టినంతమాత్రాన మనం దాన్ని గుర్తుపట్టలేమా?