పుంజా, పెట్టా?

గుడ్లు చిట్లి పిల్లలు బయటపడ్డాయో లేదో, మా గోదావరి వైపు ఇంటాయన మొదట అడిగేది ఒకటే: పుంజులెన్ని? దానికి వీధికో పండితుడు తయారు. మెడ పట్టి పైకెత్తినప్పుడు కాళ్లు ముడిస్తే పెట్టేనంటాడొకడు. దారానికి ఉంగరం కట్టి పిల్ల మీద ఊపి చూస్తాడింకొకడు. మా నాయనమ్మయితే గుడ్డు దగ్గరే తేల్చేసేది. కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. అరిస్టాటిల్ సరిగ్గా దీనికి తిరగేసి రాశాడు. ఇద్దరి మాటా సగంసార్లు నిజమయ్యే ఉంటుంది!

ఇప్పుడా పెద్దరికం ఫోన్లో వీడియోలది. ఒక్కరోజు పిల్ల రెక్కను విసనకర్రలా విప్పి చూడమంటాయి. అంచున రెండు వరుసల ఈకలుంటాయి. కింది వరుస పొడుగ్గా, పై వరుస పొట్టిగా ఉంటే పెట్ట. రెండూ సమంగా ఉన్నా, పైవే పొడుగైనా పుంజు. హేచరీలో ఈ లెక్క బాగానే కుదురుతుంది. పెరట్లో నాటు పిల్లల దగ్గరికొస్తే మాత్రం నాయనమ్మ గుడ్డు జోస్యానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

కిటుకంతా తల్లిదండ్రుల జతలో ఉంది. ఈకలు నిదానంగా వచ్చే పెట్టను, త్వరగా వచ్చే పుంజుతో కలుపుతారు. ఆ నిదానపు జన్యువు జెడ్ క్రోమోజోము మీద ఉంటుంది. పుంజుకు జెడ్‌లు రెండు, పెట్టకు ఒకటే. తల్లి తన జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది కనక వాటికి ఈకలు ఆలస్యం. కూతుళ్లకు అందేది తండ్రి జెడ్, అందుకే తొందర. పెరట్లో ఏ పుంజు ఏ పెట్టను కలిసిందో ఎవరు రాసుకున్నారు? నాటు పిల్లలకు ఓపికే మందు. కొన్ని వారాలు పోతే పుంజుపిల్ల తురాయి ముందుగా ఎర్రబారుతుంది, ఆ తర్వాత నడుము మీద ఈకలు సూదిగా దిగుతాయి.

జాతితో పనిలేని విద్య ఇంకొకటుంది. 1920లలో జపాన్‌లో మసుయి, హషిమోటో అనే శాస్త్రవేత్తలు దారి వేశారు. పిల్లను అరచేతిలో పట్టి, ముందు రెట్ట పిండేసి, గుద ద్వారాన్ని వేళ్లతో సుతారంగా తెరుస్తారు. లోపల కంటికి ఆనీ ఆనని బుడిపె. నిగనిగలాడుతూ, వేలితో నొక్కినా అణగకపోతే పుంజు. కొన్ని పెట్టలకూ బుడిపె ఉంటుంది, కాకపోతే మెత్తన. చెయ్యి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి దాకా చూసేస్తారు. నూటికి ఒకటో రెండో తప్పుతాయి. గురువు పక్కన నిలబడి వేల పిల్లల్ని పట్టి చూస్తేగానీ పట్టుబడదు.

ఇంత విద్యా దేనికంటే, గుడ్ల కోళ్ల వ్యాపారంలో పుంజు దండగ. గుడ్డు పెట్టదు, కూరకు ఒళ్లు చేయదు. పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022లో దీన్ని నిషేధించింది. ఇప్పుడక్కడ గుడ్డులో ఉండగానే తేల్చే యంత్రాలొచ్చాయి. మన దగ్గర కొన్ని ప్రాణాలతో బయటపడి, గులాబీ, ఆకుపచ్చ రంగులు పూయించుకుని బుట్టల్లో వీధుల్లోకొస్తాయి. పిల్లలు మారాం చేస్తే, పెద్దయ్యాక గుడ్లు పెడుతుందిలెమ్మని కొనిచ్చే తల్లులను చూస్తే జాలేస్తుంది. పెట్ట కాదని తేల్చాకే కదా దానికి రంగు పూసింది!