కుటుంబంగా లెక్కకు రాని మనిషి: దుబాయి ఆదాయాల సగటు

దుబాయి గురించిన రచనల్లో రెండు వాక్యాలు తరచుగా జంటగా కనిపిస్తాయి. రెండువందలకు పైగా దేశాల జనం అక్కడ కలిసి బతుకుతున్నారన్నది మొదటిది. అక్కడి కుటుంబాల ఆదాయం ఎంతో మెరుగైనదన్నది రెండవది. విడివిడిగా రెండింటినీ ఒప్పుకోవచ్చు. కాని మొదటి వాక్యంలోని జనం, రెండవ వాక్యంలోని కుటుంబాలు ఒకటే అన్న భావన కలిగించడం మీదే నా అభ్యంతరం.

ముందుగా జనాభా సంగతి. 1975లో ఎమిరేట్స్ మొత్తం జనాభా 5,57,887. 2005 జనగణన నాటికి అది 41 లక్షలు దాటింది. అందులో స్థానిక పౌరులు 8,25,495 మంది, అంటే ఐదింట ఒక వంతు. 2010 అంచనాలో పౌరుల సంఖ్య తొమ్మిదిన్నర లక్షలకు చేరువైంది. అయినా మొత్తం జనాభా 82 లక్షలు దాటడంతో వారి వాటా పదకొండున్నర శాతానికి పడిపోయింది. బళ్ళో లవం, హారం అని నేర్చుకున్న మాటలు ఇటువంటి చోటే అక్కరకొస్తాయి. లవం పెరిగినా, హారం అంతకంటే వేగంగా పెరిగితే భిన్నం చిన్నదవుతుంది.

ఈ పెరిగిన హారం సాధారణ నగర జనాభా వంటిది కాదు. దుబాయిలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు పురుషులు, అందులోనూ పనిచేసే వయసువారే ఎక్కువ. ముసలితనమో దీర్ఘవ్యాధో వచ్చినవారిలో చాలామంది సొంత ఊరికి తిరిగిపోతారు. మరణాల రేటు తక్కువగా ఉందని మురిసిపోయే ముందు ఈ సంగతి చూడాలని ప్రజారోగ్య శాస్త్రం చెబుతుంది. ఆదాయం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

జనగణన పరిభాషలో కుటుంబమంటే సాధారణంగా కలిసి ఉంటూ, ఒకే వంటగదిలో తినేవారు. రక్తసంబంధం తప్పనిసరి కాదు. కరామాలో అద్దె ఫ్లాటులో భార్యాపిల్లలతో ఉండే తెలుగు ఇంజనీరుది ఈ లెక్కలో ఒక కుటుంబం. సోనాపూర్ శిబిరంలో ఒకే గదిలో మంచాల మీద మంచాలు వేసుకుని పడుకునే జగిత్యాల, సిరిసిల్ల కార్మికుల సంగతి వేరు. (సోనాపూర్ వాడుక పేరే, అధికారికంగా అది ముహైస్నా రెండు.) ఇటువంటి నివాసాలను సామూహిక నివాసాలుగా వేరుచేయడం గణాంకశాస్త్రంలో మామూలే. అందులో తప్పు లేదు. తప్పంతా, అలా వేరుచేశాక మిగిలిన కుటుంబాల సగటును నగరం మొత్తానికి అంటగట్టడంలో ఉంది.

ఈ రెంటికీ నడుమ డేరాలోనూ, సత్వాలోనూ బెడ్‌స్పేస్ లోకం ఒకటుంది. ఒక ఫ్లాటులో ఆరుగురు ఉంటే ఆరు జీతాలూ కలిపి ఒక కుటుంబ ఆదాయం అనాలా, ఆరు పేద కుటుంబాలు అనాలా? జవాబును బట్టి సగటు ఎంతో మారిపోతుంది. కాబట్టి ఏ సగటునైనా నమ్మే ముందు నిర్వచనం చదవాలి.

అసలు ఎవరు కుటుంబం కాగలరో నిర్ణయించేది కూడా జీతమే. 2019లో సవరించిన నిబంధన ప్రకారం భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హములు, లేదా 3,000 దిర్హములతోపాటు వసతి ఉండాలి. అంతకు తక్కువ సంపాదించేవాడు పెళ్ళయినవాడైనా అక్కడ 'బ్యాచిలరే'. అంటే ఆదాయం కొలవకముందే, తక్కువ ఆదాయంవారిలో చాలామంది కుటుంబాల జాబితా నుంచి తప్పుకున్నారు. వైద్య పరిశోధనలో రోగులను ఇలా ముందే ఏరివేస్తే ఆ ఫలితాన్ని రోగులందరికీ అంటగట్టకూడదు.

మన ప్రభుత్వాల పాత్రనూ విస్మరించలేం. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ కార్మిక సంఘాల నిరసనలు, హైకోర్టులో వ్యాజ్యం తరువాత 2021లో గాని పాత వేతనాలు తిరిగి రాలేదు.

ఇక ఊరి లెక్క. కార్మికుడు పంపిన డబ్బు జగిత్యాలలో ఇల్లవుతుంది, అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్ళవుతుంది. విదేశంలో ఉన్నందున అతడు మాత్రం జనగణనలో ఆ ఇంటి సభ్యుడు కాడు. మనిషి దుబాయి జనాభాలో, సంపాదన తెలంగాణ పల్లెలో కనిపిస్తాయి. రెండూ ఒకచోట చేరే పట్టిక నా కంటపడలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు, లెక్కలో ఉండాలని భివండి, సూరత్‌ల నుంచి వలసజనం బస్సుల్లో కిక్కిరిసి ఊళ్ళకు చేరారు. సోనాపూర్ నుంచి రావాలంటే యజమాని సెలవు ఇవ్వాలి, విమానం టికెట్టుకు డబ్బుండాలి.